ఆగిపోయిన డిగ్రీని పూర్తి చేయడం ఎలా? అందులో సంఘం ఏం చేయగలదు?

ప్రతి సంఘంలోనూ మన లెక్కలోకి రాని కొందరు ఉంటారు. పదో తరగతి ఫలితాలు రాగానే పాసైన పిల్లల్ని ముందుకు పిలిచి ప్రార్థన చేస్తాం. డిగ్రీ పట్టా చేతికొచ్చినవారు కృతజ్ఞత కానుక అర్పిస్తారు. రెండో సంవత్సరంలో కాలేజీ మానేసినవారిని, మూడేళ్లూ చదివి రెండు పేపర్లు మిగిలిపోయినవారిని మాత్రం ఎవరూ ముందుకు పిలవరు. వారూ చెప్పుకోరు. ఏదైనా దరఖాస్తులో చదువు అన్నచోట ‘ఇంటర్’ అని రాసి ఊరుకుంటారు.

పేరాల మగ్గాల వీధుల్లో, చీరాల బట్టల కొట్లలో, బాపట్ల, రేపల్లె, తెనాలి ప్రాంతాల పల్లెల్లో ఇలాంటివారు చాలామంది ఉన్నారు. పెళ్లి కుదిరి మానేసిన అమ్మాయి, నాన్న మంచాన పడితే మగ్గం మీద కూర్చున్న అబ్బాయి, ఇంగ్లిష్ పేపరు రెండుసార్లు తప్పి సిగ్గుపడి ఆపేసిన తమ్ముడు, ఫీజు బాకీ ఉండి కాలేజీ వైపు వెళ్లడమే మానేసిన చెల్లి. వీరిలో తెలివి తక్కువవారు ఎవరూ లేరు. ఇంట్లో ఏదో ఒక కష్టకాలంలో చదువు ఆగింది. ఆ కష్టం తీరింది కానీ చదువు మళ్లీ మొదలు కాలేదు. తేడా అంతే.

వీరికి మనం మొదట చెప్పవలసిన మాట ఒకటుంది. మీరు చదివింది పోలేదు. పాసైన ప్రతి పేపరూ పాసైనట్టే. మగ్గం మీద పోగు తెగితే నేతగాడు బట్టంతా తీసి పారేయడు. తెగిన చోట అతికి మళ్లీ నేత సాగిస్తాడు. డిగ్రీ సంగతీ అంతే. ఎక్కడ తెగిందో తెలుసుకోవడమే మొదటి పని.

డిగ్రీ ఎందుకు?

మనిషి విలువ పట్టాలో లేదు. డిగ్రీ లేకుండానే సంఘానికీ ఊరికీ మూలస్తంభాల్లా నిలిచినవారిని మనం ఎరుగుదుం. అయినా లోకంలో కొన్ని తలుపులు ఆ కాగితం చూపిస్తేనే తెరుచుకుంటాయి. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల కోసం మన రాష్ట్రంలో 1,26,000కు పైగా ఉద్యోగాలకు నోటిఫికేషన్ వచ్చింది. పంచాయతీ కార్యదర్శి వంటి ఎన్నో పోస్టులకు డిగ్రీ అడిగారు. ఒక్క పేపరు మిగిలినవారూ, అసలు కాలేజీ గడప తొక్కనివారూ ఆ రోజు ఒకే వరుసలో నిలబడ్డారు. బి.ఎడ్. చేయాలన్నా, బ్యాంకు పరీక్షలు రాయాలన్నా, గ్రూప్స్‌కు దరఖాస్తు పెట్టాలన్నా డిగ్రీయే మొదటి మెట్టు.

ఈ సమస్య మన ఒక్కరిదే కాదు. అమెరికాలో కాలేజీలో కొంత చదివి పట్టా లేకుండా ఆగిపోయిన, పని చేసే వయసువారు 3.6 కోట్లకు పైగా ఉన్నారు. అక్కడి టెన్నెసీ రాష్ట్రం 2018 నుంచి పెద్దవయసువారు మళ్లీ కమ్యూనిటీ కాలేజీలో చేరితే ట్యూషన్ ఫీజు లేకుండా చదివిస్తోంది. ఇంగ్లండులో పనిచేసుకుంటూ చదువుకునేవారి కోసం 1969లో ఓపెన్ యూనివర్సిటీ స్థాపించారు. ఆ దారిలో మన దేశంలో మొదటగా నడిచింది తెలుగువారే. 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ప్రారంభమైంది. ఆచార్య జి. రామిరెడ్డిగారు దానికి తొలి వైస్ ఛాన్సలర్. నేడు అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఢిల్లీ కేంద్రంగా ఇగ్నో వచ్చింది 1985లో, అంటే మూడేళ్ల తర్వాత.

ముందు పెట్టె తెరవండి

చదువు ఎక్కడ ఆగిందో మన జ్ఞాపకం సరిగ్గా చెప్పలేదు. మార్కుల మెమోలు చెబుతాయి. ఇంట్లో ట్రంకుపెట్టె తీసి ఈ కాగితాలు వెతకండి: పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ హాల్ టికెట్లు, డిగ్రీలో వచ్చిన ప్రతి మార్కుల మెమో, టీసీ, ఫీజు రశీదులు. డిగ్రీ హాల్ టికెట్ నెంబరు ఒక్కటి దొరికినా చాలు, కాలేజీ ఆఫీసులో మిగతా వివరాలు రాబట్టడానికి అదే తాళంచెవి.

మెమో మీద ఏ విశ్వవిద్యాలయం పేరుందో చూడండి. నాగార్జున విశ్వవిద్యాలయం 1976లో ఏర్పడింది. అప్పటినుంచి గుంటూరు, ప్రకాశం జిల్లాల కాలేజీలు చాలాకాలం దాని కిందే ఉన్నాయి. అందువల్ల ఈ ప్రాంతపు పాత మెమోలు ఎక్కువగా ఆ పేరుతోనే ఉంటాయి. 2022 ఏప్రిల్ 4న చీరాల, పేరాల ప్రకాశం జిల్లా నుంచి కొత్త బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉంది. జిల్లా మారినంత మాత్రాన మీ మార్కులు మారవు. పరీక్ష పెట్టిన విశ్వవిద్యాలయమే మీకు జవాబు చెప్పాలి.

నాలుగు రకాలు, నాలుగు దారులు

కాగితాలు ముందు పెట్టుకుని చూస్తే, ఆగిపోయినవారు నాలుగు రకాలుగా తేలతారు.

మొదటి రకం, అన్ని పేపర్లూ పాసై పట్టా తీసుకోనివారు. ఇలాంటివారు కూడా ఉన్నారు. ఫీజు బాకీ వల్లనో, ఊరు విడిచి వెళ్లడం వల్లనో ప్రొవిజనల్ సర్టిఫికెట్టు కూడా తీసుకోలేదు. వీరు ఒక్క పరీక్ష కూడా రాయనక్కరలేదు. కాలేజీ ద్వారా దరఖాస్తు పెట్టుకుని, రుసుము కట్టి పట్టా తెచ్చుకోవాలి. బాకీ పెద్దదైతే ఒంటరిగా వెళ్లి తలవంచుకుని నిలబడకండి. సంఘ పెద్ద ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లి, ఎంత కట్టాలో రాతపూర్వకంగా అడగండి, వాయిదాలు కోరండి. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లను కాలేజీలు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లో నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ సంగతి మర్యాదగా గుర్తుచేయడంలో తప్పులేదు.

రెండో రకం, కాలేజీ పూర్తయి కొన్ని పేపర్లు మిగిలినవారు. వీరు సప్లిమెంటరీ పరీక్షలకు ఫీజు కట్టి ఆ పేపర్లు మాత్రమే రాస్తే సరిపోతుంది. అయితే ఇన్నేళ్లలోగా పూర్తి చేయాలని విశ్వవిద్యాలయాలు గడువు పెడతాయి. గడువు దాటిన పాత బ్యాచ్‌లకు అప్పుడప్పుడు ‘వన్ టైమ్ ఛాన్స్’ అని ప్రత్యేక అవకాశం ఇస్తుంటాయి. ఆ ప్రకటన పత్రికలో ఒక మూల చిన్న వార్తగా వస్తుంది, ఫీజు కట్టే గడువూ తక్కువే ఉంటుంది. చూసినవారు చూస్తారు, చూడనివారు మరికొన్నేళ్లు ఆగుతారు. మరో సంగతి. మన రాష్ట్రంలో 2015-16 నుంచి డిగ్రీకి సెమిస్టర్ పద్ధతి వచ్చింది. అంతకు ముందు చేరినవారు ఏడాది పద్ధతి పరీక్షలు రాశారు. తమ పేపరు ఇప్పుడు ఏ సిలబస్‌తో ఉందో, దానికి సమానంగా ఏ పేపరు ఇచ్చారో అడిగి తెలుసుకున్నాకే పుస్తకం కొనాలి.

మూడో రకం, ఒకటో రెండో సంవత్సరాలు చదివి మానేసినవారు. వీరికి రెండు దారులున్నాయి. ఆగి ఎంతోకాలం కాకపోతే పాత కాలేజీలోనే రీ అడ్మిషన్ అడగవచ్చు. రోజూ కాలేజీకి వెళ్లలేనివారు దూరవిద్యలో చేరవచ్చు. నాగార్జున విశ్వవిద్యాలయానికి దూరవిద్యా కేంద్రం ఉంది. ఇగ్నోకు విజయవాడలో ప్రాంతీయ కేంద్రం ఉంది, జనవరిలోనూ జూలైలోనూ చేరే వీలుంటుంది. ఇగ్నోలో మూడేళ్ల డిగ్రీని పూర్తి చేయడానికి ఆరేళ్ల దాకా గడువిస్తారు. దూరవిద్యలో చేరేముందు ఒక ప్రశ్న తప్పక అడగాలి: ‘నేను ఇదివరకు పాసైన పేపర్లకు ఎన్ని క్రెడిట్లు ఇస్తారు?’ అడగకుండా ఫీజు కట్టేస్తే చదివిందే మళ్లీ మొదటినుంచి చదవవలసి రావచ్చు. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చదివి మధ్యలో ఆపినవారు రాష్ట్ర విభజన తర్వాత తమ స్టడీ సెంటర్ పనిచేస్తోందో లేదో ముందుగా కనుక్కోవాలి.

నాలుగో రకం, ఇంటర్ దగ్గరే ఒకటి రెండు సబ్జెక్టులు తప్పి, డిగ్రీ కల కన్నవారు. వీరికి ఓపెన్ స్కూల్ దారి ఉంది. మన రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠం గానీ, కేంద్రప్రభుత్వ ఎన్ఐఓఎస్ గానీ ఇంటర్ పూర్తి చేయిస్తాయి. పాసైన సబ్జెక్టుల్లో రెండింటి వరకు మార్కులు బదిలీ చేసుకునే వీలు ఎన్ఐఓఎస్‌లో ఉంది.

క్రెడిట్ అంటే ఏమిటి?

ఈ మాట ఇప్పుడు తరచుగా వినబడుతోంది. చదువును కొలిచే కుంచం అనుకోండి. ఇప్పటి లెక్కలో ఏడాదికి 40 క్రెడిట్లు, మూడేళ్ల డిగ్రీకి 120. ఒక్కో క్రెడిట్‌కు సుమారు 30 గంటల శ్రమ. జాతీయ విద్యావిధానం 2020 ప్రకారం మొదటి ఏడాది తర్వాత ఆగితే సర్టిఫికెట్, రెండేళ్ల తర్వాత ఆగితే డిప్లొమా, మూడేళ్లకు డిగ్రీ ఇచ్చేలా ఏర్పాటు చేశారు. తర్వాత తిరిగి వచ్చి చేరవచ్చు. సంపాదించిన క్రెడిట్లను దాచడానికి 2021 జూలైలో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ మొదలైంది. బ్యాంకు పాసుబుక్కులో డబ్బు నిలిచినట్టు విద్యార్థి ఖాతాలో క్రెడిట్లు నిలుస్తాయి. అయితే అవి గరిష్ఠంగా ఏడేళ్లే చెల్లుతాయి. కనుక ఈ మధ్య చేరి ఆపేసిన పిల్లలకు ‘తర్వాత చూద్దాంలే’ అనే మాట మంచిది కాదు. డిజిలాకర్‌లో వారి ఖాతా తెరిపించి, కాలేజీ క్రెడిట్లు అందులో చేరాయో లేదో ఇప్పుడే చూడాలి. అంతకు ముందు చదివినవారికి మాత్రం చేతిలోని మెమోయే పాసుబుక్కు. దాన్ని జాగ్రత్తగా దాచుకోండి.

రెండు పేర్ల చిక్కు

మన సంఘాలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. బడిలో ఒక పేరు, బాప్తిస్మప్పుడు పెట్టుకున్న పేరు మరొకటి. పెళ్లయ్యాక ఆడపిల్ల ఇంటిపేరు మారుతుంది. ఆధార్‌లో ఒకటి, పదో తరగతి మెమోలో ఒకటి, సంఘపు రిజిస్టరులో ఇంకొకటి ఉంటుంది. విశ్వవిద్యాలయం పదో తరగతి మెమోనే ఆధారంగా తీసుకుంటుంది. దరఖాస్తు పెట్టేముందు ఆధార్‌ను దానికి సరిపోయేలా సరిచేయించుకోవాలి. చివరి రోజున ఈ సంగతి బయటపడితే ఫీజు గడువు దాటిపోతుంది.

మెమో పోయినవారు కూడా అధైర్యపడనక్కరలేదు. విశ్వవిద్యాలయాలు డూప్లికేట్ మెమోలు ఇస్తాయి. అందుకు పోలీసు స్టేషనులో ఇచ్చిన ఫిర్యాదు కాగితం, నోటరీ అఫిడవిట్ వంటివి అడుగుతారు.

అడ్డదారులు వద్దు

ఈ మార్గంలో వేటగాళ్లు కూడా ఉన్నారు. ‘ఒకే సిట్టింగ్‌లో డిగ్రీ’, ‘పరీక్ష లేకుండా పట్టా’ అని గోడల మీద, ఫోన్లలో ప్రకటనలు చూస్తూనే ఉన్నాం. మూడేళ్ల డిగ్రీని మూడు నెలల్లో ఇస్తామన్నవాడు కాగితం అమ్ముతున్నాడు, చదువు చెప్పడం లేదు. ఉద్యోగంలో చేరాక ధ్రువపత్రాల తనిఖీలో అది బయటపడితే పోయేది డబ్బు మాత్రమే కాదు, ఉద్యోగం, పరువు కూడా.

క్రైస్తవులుగా మనం ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. 1956 నాటి యూజీసీ చట్టం ప్రకారం డిగ్రీ ఇచ్చే అధికారం పార్లమెంటు గానీ శాసనసభ గానీ చట్టం ద్వారా ఏర్పరచిన విశ్వవిద్యాలయాలకు, డీమ్డ్ హోదా పొందినవాటికి, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారం ఇచ్చిన సంస్థలకు మాత్రమే ఉంది. యూజీసీ ప్రకటించిన నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాలో మన రాష్ట్రం నుంచి ఉన్న పేర్లు చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఒకటి గుంటూరు చిరునామాతో ఉన్న క్రైస్ట్ న్యూ టెస్టమెంట్ డీమ్డ్ యూనివర్సిటీ, మరొకటి విశాఖపట్నం చిరునామాతో ఉన్న బైబిల్ ఓపెన్ యూనివర్సిటీ ఆఫ్ ఇండియా. పేరులో క్రీస్తు ఉన్నంత మాత్రాన, బైబిల్ ఉన్నంత మాత్రాన పట్టా చెల్లదు. పరిచర్య కోసం బైబిలు శిక్షణ పొందడం వేరు, ఉద్యోగానికి చెల్లే డిగ్రీ వేరు. వేదాంత విద్యలోనూ అధికారం గల సంస్థలున్నాయి. శ్రీరాంపూర్ కాలేజీకి 1827లోనే డెన్మార్క్ రాజు డిగ్రీలిచ్చే అధికారం ఇచ్చాడు.

దూరవిద్య అంటే తక్కువ చదువు అనే అపోహ కూడా వద్దు. గుర్తింపు ఉన్న సంస్థ దూరవిద్యలో ఇచ్చిన డిగ్రీ, కాలేజీలో చదివిన డిగ్రీతో సమానమని యూజీసీ 2022 సెప్టెంబరులో స్పష్టం చేసింది. చేరేముందు ఆ విశ్వవిద్యాలయానికి, ఆ కోర్సుకు, ఆ సంవత్సరానికి యూజీసీ దూరవిద్యా విభాగం అనుమతి ఉందో లేదో చూసుకోవాలి. 2024 నుంచి దూరవిద్యలో చేరేవారు డెబ్ ఐడీ అనే నెంబరు కూడా తీసుకోవాలి.

ఖర్చు లెక్క చూసుకోవడం

గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పిన ఉపమానం లూకా 14వ అధ్యాయంలో ఉంది. పునాది వేసి ముగించలేకపోయినవాణ్ణి చూసి చుట్టుపక్కలవారు నవ్వుతారు. మన దగ్గర చదువు ఆపేసినవారు భయపడేది ఆ నవ్వుకే. ‘ఈ వయసులో నీకు పరీక్షలేమిటి’ అన్న ఒక్క మాట చాలు, పదేళ్లు వెనక్కి తోస్తుంది. నవ్వేవారిలో సంఘం చేరకూడదు. పక్కన కూర్చుని లెక్క చూసిపెట్టేవారిలో చేరాలి.

ఆ లెక్క ఎలా ఉంటుందో చూద్దాం. ఒక సోదరికి ఏడాది చదువు మిగిలిందనుకుందాం. 40 క్రెడిట్లు, ఒక్కోదానికి 30 గంటలు, అంటే 1,200 గంటలు. ఒకే ఏడాదిలో చేయాలంటే రోజుకు మూడు గంటలకు పైగా కావాలి. రెండేళ్లకు పరిస్తే రోజుకు గంటా నలభై నిమిషాలు. మగ్గం పనిలో కండెలు చుట్టి, వంట చేసి, పిల్లల్ని పడుకోబెట్టే ఇల్లాలికి ఆ గంటా నలభై నిమిషాలు ఎక్కడినుంచి రావాలి? ఇంట్లో ఎవరో ఒకరు పనిని పంచుకుంటేనే వస్తాయి. భర్తలకు, అత్తలకు సంఘం చెప్పవలసిన మాట ఇదే.

ఫీజు సంగతి కూడా ఉంది. ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ దూరవిద్యకు వర్తించదు. పరీక్ష ఫీజు, పుస్తకాలు, ప్రయాణం అన్నీ ఇంటి మీదే పడతాయి. నేతపనిలో కూలి చేసిన పనికే. పరీక్షకు వెళ్లిన రోజు మగ్గం ఆగుతుంది, ఆ రోజు రాబడీ ఆగుతుంది. పది పరీక్షలంటే పది రోజుల కూలి. చాలామంది పరీక్ష ఫీజు కట్టి కూడా హాలుకు వెళ్లకపోవడానికి ఇదే కారణం.

సంఘం చేయగల పనులు

మొదటిది, అడగడం. స్త్రీల సమాజంలో ఒక పెద్దమ్మ ‘ఏమ్మా, నీ డిగ్రీ ఎక్కడ ఆగింది?’ అని మెల్లగా అడిగితే చాలు. ‘ఎందుకులే పిన్నీ, పదేళ్లయింది’ అంటుంది. ‘మెమోలు తీసుకురా, చూద్దాం’ అనాలి. ఈ మాట ప్రసంగ వేదిక మీదినుంచి పేర్లు చదివి అడగకూడదు, చాటుగా, ప్రేమగా అడగాలి.

రెండోది, నెలకు ఒక ఆదివారం ఆరాధన తర్వాత ఒక బల్ల వేయడం. సంఘంలో లెక్చరర్లు, టీచర్లు, ఆన్‌లైన్ పని తెలిసిన యౌవనస్థులు ఉంటారు. కాగితాలు చూసి ఏ రకమో తేల్చడం, విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో నోటిఫికేషన్లు చూడటం, దరఖాస్తు నింపడం వారు చేయగలరు. ఒక నోటుబుక్కులో ఒక్కొక్కరి పేరు, మిగిలిన పేపర్లు, ఫీజు ఆఖరి తేదీ రాసి పెట్టుకుంటే ‘వన్ టైమ్ ఛాన్స్’ ఎవరి చేయీ దాటిపోదు.

మూడోది, వెంట వెళ్లడం. పేరాల నుంచి నాగార్జున నగర్‌లోని విశ్వవిద్యాలయానికి వెళ్లి రావాలంటే ఒక రోజు పడుతుంది. ఒక కాగితం తక్కువైతే మరో రోజు. నలుగురు కలిసి వెళితే ఖర్చూ తగ్గుతుంది, కౌంటరు దగ్గర ధైర్యమూ ఉంటుంది.

నాలుగోది, స్థలం, సమయం. మందిరం వారంలో చాలా సాయంత్రాలు ఖాళీగానే ఉంటుంది. లైటు, ఫ్యాను వేసి చదువుకునేవారికి ఇవ్వవచ్చు. ఆ రెండు గంటలు చిన్నపిల్లల్ని సండే స్కూల్ టీచర్లు చూసుకోవచ్చు. మరొకటి, ఇగ్నో పరీక్షలు జూన్‌లోనూ డిసెంబరులోనూ జరుగుతాయి. డిసెంబరంటే మనకు క్రిస్మస్ రిహార్సల్స్, సెమీ క్రిస్మస్‌లు, కేరల్స్. పరీక్ష ఉన్న సోదరి ఆ నెల క్వయర్‌కు రాకపోతే ఎవరూ నొచ్చుకోకూడదు. ‘ముందు పరీక్ష రాసి రా’ అని పాస్టరుగారే చెప్పాలి.

ఐదోది, చిన్న నిధి. పెద్ద స్కాలర్‌షిప్పులు పెట్టనక్కరలేదు. పరీక్ష ఫీజు, రైలు ఛార్జీ, పోయిన కూలిలో కొంత భాగం. రెండు పేపర్లు మిగిలినవారికి ఈ పాటి సాయమే పట్టాకూ పట్టా లేకపోవడానికీ మధ్య ఉన్న దూరం.

ఈ ఊరికి ఇది కొత్త కాదు

వందేళ్ల క్రితం మునిసిపల్ పన్నులు మోయలేక చీరాల, పేరాల ప్రజలు ఇళ్లు విడిచి రామనగర్‌లో పాకలు వేసుకుని నెలల తరబడి కాపురం చేశారు. 1921 నాటి ఆ ఉద్యమాన్ని నడిపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు ఒకప్పుడు బాపట్లలో గుమాస్తాగా పనిచేసినవారే. మిత్రుడు నడింపల్లి నరసింహారావుగారి తోడ్పాటుతో ఎడింబరో వెళ్లి ఎం.ఏ. పట్టా తెచ్చుకున్నారు. ఉద్యోగంలో పడ్డ మనిషి తిరిగి చదువులోకి వెళ్లాడు. ఒక స్నేహితుడు పక్కన నిలిచాడు. ఆ చదువు చివరికి ఈ ఊరికే ఉపయోగపడింది.

అలాంటి స్నేహితులు ఇప్పుడు మన సంఘాల్లో కావాలి. డిగ్రీ అందరికీ అవసరం కాకపోవచ్చు, వద్దనుకున్నవారిని బలవంతపెట్టకూడదు. కానీ కావాలనుకుని, దారి తెలియక, అడగడానికి సిగ్గుపడి ఆగిపోయినవారిని అలాగే వదిలేయడం మనకు తగదు. వచ్చే ఆదివారం ఆరాధన ముగిశాక మీ పక్క వరుసలో కూర్చున్న సహోదరిని, సహోదరుణ్ణి ఆ ఒక్క ప్రశ్న అడగండి. ఆ తర్వాత పెట్టె తెరవడానికి, బస్సెక్కడానికి, దరఖాస్తు నింపడానికి వారి వెంట ఉండండి.